పాత కారు, ఇంటి వైద్యము: రెండు ఖర్చులకు రెండు సంచులు

మన సంఘసభ్యుల యిండ్లలో నిప్పుడు పాత కారు వింతవస్తువు కాదు. పది సంవత్సరములు పట్టణములో దిరిగిన చిన్న పెట్రోలు కారొకటి గడ్డివామి ప్రక్కను పందిరిక్రింద నిలిచియుండుట అనేక గ్రామములలో జూచుచున్నాము. దీనిని విలాసమని యెగతాళి చేయువారు కలరు. నేను వారితో నేకీభవింపను. ఏల కొంటిరని యడిగినచో నెక్కువమంది చెప్పు కారణ మొక్కటే: ముసలి తండ్రిని ఆసుపత్రికి గొనిపోవలసి వచ్చుచున్నది, రాత్రివేళ ఆటో దొరకదు, చివరి బస్సు చీకటి పడకమునుపే వెళ్లిపోవును. అనగా కారు వైద్యముకొఱకే యింటికి వచ్చినది. వచ్చిన పిదప నది వైద్యమునకు దాచిన సొమ్మునే తినుచున్నది. క్లచ్చి పోయిన నెలలో తల్లి కన్నుపరీక్ష వాయిదా పడును. పిల్లవాని జ్వరమునకు సెలైను పెట్టించిన నెలలో అరిగిన టైర్లతోనే ప్రయాణము సాగును. రెండును ప్రాణముతో ముడిపడిన విషయములే.

"ఈ యేడు కారును, ఆసుపత్రియు మమ్ము ముంచినవి" యను మాట ప్రతి వేసవిలోను వినుచుందును. అడుగగా అడుగగా దేలునదేమన, ముంచిన ఖర్చులలో సగమునకు బైగా ముందుగా దెలిసినవే. ఇంజనాయిలు సంవత్సరమున కొకసారి మార్పవలయునని తెలియును. రక్తపుపోటు మాత్ర ప్రతిదినము మ్రింగవలయునని తెలియును. భీమా గడువు ఏ తేదీని ముగియునో కాగితముపైననే యున్నది. వీనిని ఆకస్మికము లనుట సరికాదు. నారుమడికి విత్తనములు కొనుటను ఎవరైన ఆకస్మికవ్యయ మందురా?

మొదట కారులెక్క చూతము. ఇవి యుదాహరణకొఱకు దీసికొన్న యంకెలు. ఎవరి యూరి ధరలను బట్టి వారు మార్చుకొనవలయును. పదేండ్ల నాటి 1200 సి.సి. పెట్రోలు కారు, లీటరునకు 15 కిలోమీటర్లు నడచును, పెట్రోలు లీటరు 108 రూపాయలు అనుకొందము. కిలోమీటరునకు పెట్రోలు 7 రూపాయల 20 పైసలు. ఇంతవఱకు అందరును లెక్కించుచునే యున్నారు. లెక్కింపనిది తక్కినది. ఇతరులకు గలుగు నష్టమునకై చట్టము విధించు భీమా, 1000 నుండి 1500 సి.సి. వఱకు గల కార్లకు 2022 జూనులో నిర్ణయింపబడిన రేటు 3,416 రూపాయలు. 18 శాతము పన్నుతో 4,031. సంవత్సరమున కొక సర్వీసు, అనగా ఆయిలు, ఫిల్టర్లు, కూలి, 5,500. నాలుగు టైర్లు 16,000 అయి యైదేండ్లు వచ్చిన, ఏటికి 3,200. బేటరీ 4,500 అయి మూడేండ్లు వచ్చిన, ఏటికి 1,500. బ్రేకులు, క్లచ్చి, బేరింగులు మొదలగువాని కొఱకు విడిగా నుంచవలసినది 8,000. మొత్తము 22,231 రూపాయలు. కారు కదలినను కదలకున్నను, దీనిలో హెచ్చుభాగము తప్పదు. టైరు నీడలో నిలిచియున్నను రబ్బరు ముదురుచునే యుండును.

ఈ కారు సంవత్సరమునకు 6,000 కిలోమీటర్లు తిరిగిన, కిలోమీటరునకు బడు మొత్తము ఖర్చు సుమారు 10 రూపాయల 90 పైసలు. అదే కారు 2,000 కిలోమీటర్లే తిరిగిన 18 రూపాయలు దాటును. కొన్న ధర తరుగుట యిందు జేర్పలేదు. కావున నెలకు రెండుసారులు మాత్రమే పట్టణమునకు బోవువారు తమ యూరిలో కిరాయి కారునకు కిలోమీటరు ధర యెంతయో విచారించి, ఈ యంకెతో బోల్చి చూడవలయును. నా యభిప్రాయమున, ఊరిలో రాత్రివేళ బిలిచిన వచ్చు నమ్మకమైన కారు డ్రైవరున్నచోట, స్వల్పముగా దిరుగువారికి సొంత కారు నష్టమే. అట్టి డ్రైవరు లేనిచోట లెక్క వేఱు. అర్ధరాత్రి గుండెనొప్పికి ధర కట్టలేము. 108 అంబులెన్సు 2005లో నుమ్మడి రాష్ట్రమున ప్రారంభమైనది మొదలు ఎందఱినో కాపాడినది. ప్రాణాపాయమున మొదట దానికే ఫోను చేయవలయును. దారిలో ఆక్సిజను, శిక్షితుడైన మనిషి యుండుట మన కారులో లేని సదుపాయము.

ఇక వైద్యపు లెక్క. 2007లో మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో నారంభమైన ఆరోగ్యశ్రీ పథకము వచ్చిన పిదప, గుండె ఆపరేషనుకొఱకు పొలమమ్ముకొనుట చాలవఱకు దగ్గినది. తెలంగాణలో 2023 డిసెంబరున దాని పరిమితి కుటుంబమునకు 10 లక్షలకు బెంచబడెను. ఆంధ్రప్రదేశములో నదే నెలలో 25 లక్షలకు బెంచబడి, 2024లో పథకమునకు ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేరు వచ్చెను. 70 ఏండ్లు దాటిన వృద్ధులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ, కుటుంబమునకు 5 లక్షల వఱకు జెల్లు ఆయుష్మాన్ భారత్ కార్డు 2024 అక్టోబరు నుండి యియ్యబడుచున్నది. ఈ కార్డులు తీసికొనక యుపేక్షించిన సభ్యులు ఈ నెలలోనే తీసికొనవలయును. ఏ రోగమునకు ఏ యాసుపత్రిలో జెల్లునో చేరకముందే ఆసుపత్రి ద్వారమువద్ద గల ఆరోగ్యమిత్రను గాని, 104 నంబరును గాని యడిగి తెలిసికొనుట మేలు.

అయితే ఈ పథకములు ముఖ్యముగా ఆసుపత్రిలో జేరి చేయించుకొను చికిత్సకే. ప్రతినెల మాత్రలు, రక్తపరీక్షలు, వైద్యుని ఫీజు, కండ్లద్దములు, పంటివైద్యము, రాకపోకలు: వీనిలో హెచ్చుభాగము మన సంచిలోనిదే. తండ్రికి మధుమేహము, తల్లికి రక్తపుపోటు ఉన్న యింటిని దీసికొందము. మాత్రలు నెలకు 800 చొప్పున ఏటికి 9,600, పరీక్షలు 4,000, పిల్లల జ్వరములు, వైద్యుల ఫీజులు 8,000, అద్దములు, పన్ను 2,000. మొత్తము 23,600. పైనున్న కారు ఖర్చునకు దాదాపు సమానము! రెండును గలిపిన 45,831 రూపాయలు, పెట్రోలు గాక. ఇది పాడైన సంవత్సరపు లెక్క కాదు, అంతయు సవ్యముగా జరిగిన సంవత్సరపు లెక్క.

మాత్రల ఖర్చు తగ్గింప వీలున్నది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో రక్తపుపోటునకును, చక్కెరకును సాధారణమైన మాత్రలు ఉచితముగా నిత్తురు. అక్కడ లేనివి జనౌషధి దుకాణములో దొరకవచ్చును. 2008లో మొదలైన యీ దుకాణములలో మందు పేరుగల కంపెనీ మందుకన్న సగమునకు బైగా చౌక. వైద్యుని చీటిపై మందు యొక్క అసలు పేరు వ్రాయించుకొనుడు. చౌకమందు పనిచేయదను భయము పల్లెలలో మెండు. మార్చిన పిదప నెలరోజులకు పరీక్ష చేయించి యంకె చూచుకొన్న నాభయము తీరును.

తగ్గింపరానిది పరీక్షల ఖర్చు. మధుమేహమున్నవారికి మూడునెలల సగటు చక్కెర పరీక్ష ఏటికి కనీసము రెండుసారులు, మూత్రపిండములకై రక్తములో క్రియాటినిను, మూత్రములో ఆల్బుమిను పరీక్షలును, కంటి లోపొర పరీక్షయు, పాదముల పరీక్షయు ఏటి కొకసారియైనను కావలయును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో మధుమేహము, పోటు లేనివారికి సయితము మూత్రపిండములు చెడుచున్నవి. కారణమింకను నిర్ధారణ కాలేదు. అచ్చటి సభ్యులు క్రియాటినిను పరీక్షను అందఱును చేయించుకొనవలసినదే. మనిషికి నొప్పి తెలియకయే మూత్రపిండము చెడును. తెలిసి వచ్చునప్పటికి డయాలిసిసు దాపునకు వచ్చును.

ఆ డయాలిసిసు ఆరోగ్యశ్రీలో నుచితమే గదా యని యనువారు ఈ క్రింది లెక్క చూడవలయును. సాధారణముగ వారమునకు మూడుసారులు, ఒక్కొక్కసారి నాలుగుగంటలు. కేంద్రము 40 కిలోమీటర్ల దూరమున్నచో, పోను రాను 80. సంవత్సరమునకు 156 ప్రయాణములు, 12,480 కిలోమీటర్లు. మన యుదాహరణలోని కారునకు పెట్రోలే 89,856 రూపాయలు. రోగికి తోడు పోవువాని కూలి, పొలములో బడిపోయిన పని వేఱు. ఉచితచికిత్స పొందుచున్న కుటుంబము అప్పులపాలగుటకు దారి యిది. ఏటికి కొన్ని వందల రూపాయల పరీక్షను "కారు బాగుచేయించిన పిదప చూతములే" యని వాయిదా వేయు సభ్యుడు ఈ యంకెను గోడపై వ్రాసికొనిన బాగుండును.

కారునకును దేహమునకును పోలిక చెప్పుట పాతబడినదే కాని, ఒక విషయమున నది నిజము. రేడియేటరులో నీరు తగ్గుచున్న, ప్రతిదినము చెంబుతో నీరు పోసి నడపువారున్నారు. కారుట యెక్కడనో చూడరు. ఒకనాడు ఇంజను వేడెక్కి హెడ్డు వంగును, గొట్టము మార్చుటకు వందలలో దీరవలసినది వేలలోనికి బోవును. అట్లే ఒంట్లో బాగున్నదని పోటు మాత్రలు మానివేయువారును, నెల మాత్రలను రెండునెలలకు సరిపెట్టుటకై దినము విడిచి దినము మ్రింగువారును. బాగుండుట మాత్ర వలననే. చక్కెర మాత్రను, పోటు మాత్రను సగము చేయు నధికారము వైద్యునిది, ఇంటి బడ్జెటుది కాదు.

సొమ్ము ఎప్పు డెట్లు తీసియుంచవలయు ననునది అసలు సంగతి. ఉద్యోగికి నెలజీతము, వాని కుపయోగించు నెలసరి బడ్జెటు మనకు కుదరదు. మనకు వడ్లమ్మిన డబ్బు ఏటికి రెండుసారులు, పత్తివారికి విడతలుగా, మిరపవారికి ధరను బట్టి వచ్చును. పాలవారికి మాత్రమే పదిరోజులకో పదునైదు రోజులకో చేతిలో సొమ్మాడును. రెండుపంటల రైతు ప్రతి పంటసొమ్ము చేతికి వచ్చిన వారములోనే 45,831లో సగము, అనగా సుమారు 22,900 రూపాయలు, రెండు ఖాతాలలో వేయవలయును: 11,800 వైద్యమునకు, 11,100 కారునకు. రెండు ఖాతాలనుట నోటిమాట కాదు, నిజముగా రెండు పాసుపుస్తకములే. ఒకటి సంఘములోని పొదుపుఖాతా, మఱియొకటి బ్యాంకు ఖాతా కావచ్చును. ఒకే ఖాతాలో నుంచి మనసులో విడదీసిన సొమ్ము మొదటి మెకానిక్కు బిల్లుతో గలిసిపోవును. మా మిషను బడిలో పిల్లలమైన మాచేత కూడ జమ వేఱు, ఖర్చు వేఱు వ్రాయించెడివారు. ఆయలవాటు నాకు వ్యవసాయపాఠములన్నిటికన్న నెక్కువ యుపయోగపడినది. వైద్యపుఖాతా పుస్తకము ఇంటి గృహిణి చేతిలో నుండుట మంచిది. కారు తాళము ఎవరివద్ద నుండునో ఆ చేతిలో నాపుస్తకముండరాదు.

పాలడబ్బు గలవారు మాత్రలకును పెట్రోలుకును దానిని గేటాయించి, పంటసొమ్మును టైర్లు, భీమా, పరీక్షలకు విడువవచ్చును. ఒకేపంట గలవారికి మాత్రము ఎనిమిదినెలలు సొమ్మును గాపాడుట కష్టము. వారు సంఘములో గడువు డిపాజిట్లుగా, భీమా తేదీకి ముందు నెలలో నొకటి, పరీక్షల నెలలో నొకటి చేతికి వచ్చునట్లు వేసికొనవలయును.

ఇట్లు చేయనివారికి అవసరము వచ్చినపుడు దొరకునది నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ. అనగా ఏటికి 24, 36 శాతము. పంటఋణము 3 లక్షల వఱకు గడువులోపల దీర్చినవారికి కేంద్రప్రభుత్వపు రాయితీలతో 4 శాతమే పడును. గడువు దప్పిన నారాయితీ పోవును. పంటఋణములోనుండి కారు బాగుచేయించి, ఎరువులకు బయట అప్పు చేయుట అన్ని విధముల నష్టమే. కిసాను క్రెడిట్ కార్డు పరిమితిలో ఇంటి యవసరములకై కొంతభాగము నిబంధనలలోనే చేర్పబడి యున్నది, కావున మాత్రలు, పరీక్షలకు దానిని వాడుట తప్పు కాదు. వ్యవసాయపరికరముల మరమ్మతుకు గల భాగమును మాత్రము కారునకు ద్రిప్పరాదు. కారు నాగలి కాదు.

రెండు ఖర్చులు ఒకేనెలలో మీదబడిన, ఏది ముందు? నేనిచ్చు క్రమమిది. మాత్రలు, ఇన్సులిను, వైద్యుడు వ్రాసిన పరీక్షలు మొదట. వానితో సమానముగా బ్రేకులు, టైర్లు, స్టీరింగు. ఇవి చెడియున్న కారు రోగిని గొనిపోవుటకు దగదు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దగ్గిన చట్టప్రకారము పనికిరాదు. టైరు ప్రక్కను నాలుగంకెలు చెక్కియుండును. మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును దెలుపును. గాడి యున్నను ఏడెనిమిదేండ్లు దాటిన టైరును నమ్మరాదు. ఈ రెండు వరుసలు దీరిన పిదపనే ఆయిలు దీపము, వేడిముల్లు సంగతి. అవి యెఱ్ఱబడినచో సొమ్ము చేతికి వచ్చువఱకు కారును నడపక నిలుపుడు, నిలిపిన కారు ఖర్చు పెట్టదు. ఏ.సి., రంగు, సీటుతొడుగులు, పాటలపెట్టె చివర. మెకానిక్కు ఐదుపనులు చెప్పిన, "వీనిలో నేది చేయించకున్న ప్రమాదము, ఏది చేయించకున్న అసౌకర్యము?" అని యడుగుడు. మంచి మెకానిక్కు కోపగింపడు.

పాత కారు గొనబోవువారికి రెండు మూడు మాటలు. సొంత కారుకు రిజిస్ట్రేషను 15 ఏండ్లు. ఆపైన పరీక్ష చేయించి ఐదేసి యేండ్లు పొడిగింపవలయును. ఆరుసుము 2022 ఏప్రిలులో 600 నుండి 5,000 రూపాయలకు బెరిగినది. పదుమూడేండ్ల కారు చౌకగా వచ్చుటకు గారణ మిదియు నొకటి. కొన్న పదునాలుగు దినములలో భీమాను, ముప్పది దినములలో రిజిస్ట్రేషనును మీ పేరునకు మార్పించుకొనుడు. అమ్మినవాడును ఆపని జరుగువఱకు నిద్రపోరాదు. రికార్డులో ఎవరి పేరున్నదో వారే ప్రమాదపరిహారమునకు బాధ్యులని సుప్రీముకోర్టు 2018లో జెప్పినది. క్లెయిము చేయనందుకు వచ్చు తగ్గింపు మనిషికే చెందును గాని కారునకు గాదు. పాత యజమాని తగ్గింపును జూపి ధర పెంచువారి మాట వినవలదు. 2023 ఏప్రిలునకు బూర్వపు కార్లు ప్రస్తుతము బంకులలో బోయు 20 శాతము ఇథనాలు గల పెట్రోలుకొఱకు చేయబడినవి కావు. మన మొక్కజొన్న, చెఱకు, బియ్యమునుండియే వచ్చు ఇథనాలది. రైతుగా సంతోషింపవచ్చును, కారు యజమానిగా మాత్రము పెట్రోలు గొట్టములను, రబ్బరు వాషర్లను సర్వీసుతోబాటు చూపించుకొనుడు. అది తేమను పీల్చునది గనుక, టాంకి నింపి నెలలతరబడి కారును కదల్పక యుంచుట మంచిది కాదు.

ఇతరుల నష్టమునకు భీమా లేక కారు బయటికి దీయుటకన్న సాహసము లేదు. మొదటిసారి జరిమానా 2,000 రూపాయలే. కాని యెవరికైన ప్రాణహాని జరిగిన, లక్షలలో విధించు పరిహారము యజమాని ఆస్తినుండి, అనగా పొలమునుండి, వసూలగును. ఖర్చు రాబట్టుటకై పొరుగువారిని కిరాయికి దింపుట గూడ తగదు. తెల్ల నంబరుపలక గల కారును కిరాయికి వాడిన భీమాషరతు దప్పినట్లగును, ప్రమాదము జరిగినపుడు కంపెనీ తప్పించుకొన వీలగును. పెట్రోలు పంచుకొని కలిసి పోవుట వేఱు సంగతి. ఒకే వీధిలో ముగ్గురు రోగులు ఒకే దినమున ఆసుపత్రికి నియమించుకొన్న, మూడు ప్రయాణములొకటి యగును.

ఆరోగ్యభీమా కొనదలచువారు, రోగము రాకముందు కొన్నదే భీమా యని గ్రహింపవలయును. ఉన్న రోగములకు గరిష్ఠముగా మూడేండ్లు వేచియుండు నిబంధన పెట్టవచ్చును (2024కు ముందు నాలుగేండ్లుండెను). 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తులు, కుటుంబములు కొను ఆరోగ్యభీమాపై 18 శాతము పన్ను తీసివేయబడినది. ఆరోగ్యశ్రీ కార్డు గల చిన్నరైతు మొదట ఆకార్డును పూర్తిగా నుపయోగించి, పై పాలసీ సంగతి తరువాత నాలోచింపవచ్చునని నా తలంపు. కార్డునకు అర్హత లేనివారు మాత్రము ఆలస్యము చేయరాదు.

కారును ఎప్పుడు వదలుకొనవలయు ననుటకు కారు సంచియే సాక్ష్యము చెప్పును. వరుసగా రెండేండ్లు ఆసంచి పంటమధ్యలో ఖాళీయై వైద్యపు సంచినుండి తెచ్చుకొనవలసి వచ్చిన, లేక ఒక్క మరమ్మతుకే కారు అమ్మకపు ధరలో సగమడిగిన, అమ్మివేసి ఆసొమ్మును గడువు డిపాజిట్టు చేసి, కిరాయికి బోవుట మేలు.

చివరగ కారు డబ్బాలో నుంచవలసిన కాగితములు: రిజిస్ట్రేషను, భీమా, పొగపరీక్ష పత్రము, ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ కార్డుల నకళ్లు, ఇంటివారు వాడు మాత్రల పేర్లు, మోతాదులు వ్రాసిన యొక చీటి. రోడ్డుప్రమాదమునకు గురియైన వానికి ఏడుదినముల వఱకు, లక్షా యేబదివేల రూపాయలకు మించకుండ, నగదు లేకుండ చికిత్స చేయు కేంద్రపథకము 2025 మేనెలలో వచ్చినది. ఆసుపత్రిలో దానిని గూర్చి యడుగుడు. మాత్రల చీటిని వైద్యుడు మార్పు చేసిన దినముననే తిరిగి వ్రాయుడు.